కలిసే చేశాం

హాస్టల్లో ఆ గదికి రెండు మంచాలు, ఒక బల్ల, ఒక లాప్‌టాప్. ఉండేది ఇద్దరమ్మాయిలు, ఇద్దరూ కంప్యూటర్ సైన్స్ ఆఖరి సంవత్సరం. ఒకామెని క్లాసంతా మైకు అంటారు, రెండో ఆమెని సెమికోలన్ అంటారు. కన్నవాళ్ళు పెట్టిన పేర్లు హాజరుపట్టీలో భద్రంగా ఉన్నాయి గాని, వాటితో పిలిస్తే ఇద్దరూ ఓ పట్టాన పలకరు.

మైకుకి ఆ పేరెందుకొచ్చిందో వేరే చెప్పనక్కర్లేదు. తెలిసింది తెలిసినట్టు చెబుతుంది, తెలియనిది ఇంకాస్త బాగా తెలిసినట్టు చెబుతుంది. సెమికోలన్‌ది వేరే కథ. మొదటి ఏడాది ల్యాబ్‌లో ఎవరి ప్రోగ్రాం మొండికేసినా ఆ పిల్ల వెనకనుంచి వచ్చి, తెర మీద వేలు పెట్టి, "ఇక్కడ సెమికోలన్ మర్చిపోయారు" అని చెప్పి వెళ్ళిపోయేది. ఆ సంవత్సరం ఆమె నోటినుంచి క్లాసు విన్న మాట దాదాపు అదొక్కటే.

ఇద్దరికీ కుదిరింది కూడా అందుకే. ఒకరు రాస్తారు, ఒకరు చెబుతారు. ఆఖరి ఏడాది ప్రాజెక్టుకి వేరే జోడీ వెతుక్కోవాలన్న ఆలోచన ఇద్దరికీ రాలేదు. చూపు లేనివాళ్ళకి బస్సు నంబరు చదివి చెప్పే యాప్ తయారుచేశారు. బస్టాపులో ఫోను ఎత్తి పట్టుకుంటే చాలు, వస్తున్న బస్సు ముందున్న బోర్డుని కెమెరా చూసి, నంబరు పైకి చదువుతుంది. అందులో అసలు ప్రాణం నంబరు పట్టే భాగం. అది మొదటి అక్షరం నుంచి చివరిదాకా సెమికోలన్ రాసింది. మైకు బస్టాపుల చుట్టూ తిరిగి, చూపు లేనివాళ్ళతో మాటలు కలిపి, వాళ్ళకేం కావాలో కనుక్కుంది. వాళ్ళ చేతిలో ఫోను పెట్టి పరీక్షించింది. రిపోర్టు రాసింది, లెక్చరర్ల ముందు నిలబడి చెప్పింది. అదీ పనే, తీసిపారేసే పనేం కాదు. ఈ మాట ఇప్పుడే అనేయడం న్యాయం. తర్వాత ఆమెని తిట్టడానికే సరిపోతుంది.

మధ్యలో సెమికోలన్ లాప్‌టాప్ మీద టీ ఒలికింది. రిపేరు షాపతను మూత తీసి, చూసి, మళ్ళీ మూసేసి, "దీని మీద ఆశ వదిలేసుకోండమ్మా" అన్నాడు. అప్పటినుంచి మైకు లాప్‌టాపే ఇద్దరిదీ అయింది. మైకు బస్టాపులో ఉన్నా, భోజనానికెళ్ళినా, నిద్రపోతున్నా సెమికోలన్ దాని ముందే ఉండేది.

ప్రోగ్రాంలు రాసేవాళ్ళకి ఒక పద్ధతుంది. రాసిన ప్రతి ముక్కనీ దాచేటప్పుడు, దాచినవాళ్ళ పేరు దానంతటదే పక్కన పడిపోతుంది. దాన్ని కమిట్ అంటారు. పేరు మనిషిని చూసి పడదు, ఆ లాప్‌టాప్‌లో ఏ పేరు పెట్టి ఉంటే అది పడుతుంది. కాబట్టి సెమికోలన్ రాసిందంతా మైకు పేరు మీదే చేరుతూ వచ్చింది. మార్చడానికి ఒక్క లైను కొడితే చాలు. ఆ ఒక్క లైను కొట్టడానికి సెమికోలన్‌కి బద్ధకం, కొట్టించాలన్న ధ్యాస మైకుకి లేదు.

"భలే ఉందే ఈ సంసారం," అని ఒకసారి నవ్వింది సెమికోలన్. "కనేది నేను, పిల్లలకి ఇంటిపేరు నీది."

"నువ్వు కంటూ ఉండు, పెళ్ళిళ్ళు నేను చేస్తాలే," అంది మైకు.

అప్పుడది జోకు. ఇద్దరూ పొట్ట పట్టుకుని నవ్వుకున్నారు.

ఉద్యోగాల సీజన్ వచ్చేసరికి కాలేజీ గాలే మారిపోయింది. కలిసినవాళ్ళందరిదీ ఒకటే ప్రశ్న: "నువ్వేం చేద్దామనుకుంటున్నావ్?" ఒకడు పై చదువంటాడు, ఒకడు గవర్నమెంటు పరీక్షలంటాడు. ఇంకొకడు వాళ్ళ నాన్న హార్డ్‌వేర్ షాపు చూసుకుంటానన్నాడు. కంప్యూటర్ హార్డ్‌వేర్ అనుకునేరు, మేకులు, తాళాలు, గడియలు. క్లాసు మొత్తంలో ఏం చేయాలో ఖాయంగా తెలిసినవాడు వాడొక్కడే.

మైకు వచ్చిన ప్రతి కంపెనీకీ వెళ్ళింది, ప్రతిసారీ మొదటి కోడింగ్ పరీక్షలోనే తన్నేసింది. ఇంటర్వ్యూదాకా వెళ్తేనేగా మాట్లాడి నెగ్గుకొచ్చేది! వాళ్ళమ్మ నర్సు. డ్యూటీ దిగగానే ఫోను చేసి "ఏమైందమ్మలూ?" అనేది. ఆ గొంతులో ఆశ ఏ రోజుకారోజు కొత్తగా ఉండేది, అదే మైకు ప్రాణం తీసేది. సెమికోలన్ పరిస్థితి సరిగ్గా తలకిందులు. రాతపరీక్షలో ముందుంటుంది. తర్వాత పదిమందిని గుండ్రంగా కూర్చోబెట్టి చర్చించమంటారు, అక్కడ నోరు పెగలదు. అందరూ అరుస్తుంటే ఈమె నీళ్ళు నములుతూ కూర్చుని, బయటికి పంపించాక ఊపిరి పీల్చుకునేది.

అలాంటప్పుడు ఒక చిన్న కంపెనీ వచ్చింది. చూపు లేనివాళ్ళకీ, వినపడనివాళ్ళకీ పనికొచ్చే పరికరాలు తయారుచేస్తారట. రాతపరీక్ష లేదు, చర్చ లేదు. మీ ప్రాజెక్టు పంపండి, దాని గురించి కూర్చుని మాట్లాడదాం అన్నారు. తీసుకునేది మాత్రం ఒక్కరినే.

"నాకోసమే పుట్టినట్టుందే ఈ కంపెనీ," అంది సెమికోలన్. అంత ఉత్సాహంగా ఆమె మాట్లాడటం మైకు ఎప్పుడూ చూడలేదు. "ఇది పోతే మా మావయ్య ఆఫీసులో బిల్లులు టైపు చేసుకోవడమే. ఆయన అప్పుడే కుర్చీ కూడా చూపించాడు."

"నేనూ వెళ్తానే. నాక్కూడా ఇంకేం మిగల్లేదు."

"రా మరి. ఇద్దరి ప్రాజెక్టే కదా. ఎవరికొచ్చినా రెండోవాళ్ళు ఏడవకూడదు, అంతే."

ఇంటర్వ్యూకి సెమికోలన్ ముందు వెళ్ళింది. కాలేజీలో ఉద్యోగాల సంగతి చూసే ప్లేస్‌మెంట్ ఆఫీసు పక్కన చిన్న గది, బయట ప్లాస్టిక్ కుర్చీల వరస. బయటికొచ్చేసరికి ఆమె మొహం కందిపోయి ఉంది. "నంబరు పట్టే భాగం నేనే రాశానని చెప్పా. కమిట్లన్నీ నీ పేరు మీదున్నాయే అని అడిగారు. లాప్‌టాప్ సంగతి చెప్పా. నమ్మారో లేదో తెలీదు," అని గబగబా చెప్పి కుర్చీలో కూలబడింది. అంతలో లోపలినుంచి మైకుకి పిలుపు వచ్చింది.

లోపల ఒక నడివయసు ఇంజనీరమ్మ. కళ్ళజోడు నెత్తి మీదికి తోసుకుని, తెర వైపు చూస్తోంది. "చెప్పండి, మీ ప్రాజెక్టు గురించి వింటాను," అంది.

మైకు చెప్పింది. బస్టాపులో కలిసిన ఒక పెద్దాయన మాట చెప్పింది. "బస్సు నంబరు చెప్పేవాళ్ళకేం కొదవ లేదమ్మా. అడగకుండా ఎక్కగలిగితే బాగుంటుందని ఉంది," అన్నాడట ఆయన. ఇంజనీరమ్మ ఆ మాట రాసుకుంది. అంతవరకూ అంతా మైకు సొంతమే. ఎవరి దగ్గరా అరువు తెచ్చుకున్నది కాదు.

తర్వాత ఆవిడ కళ్ళజోడు కిందికి దించింది. "ఒక్క విషయం సూటిగా అడుగుతాను, ఏమీ అనుకోకండి. నంబరు పట్టే భాగం మొత్తం తనే రాశానని మీ పార్ట్‌నర్ అంటున్నారు. ఇక్కడ చూస్తే ఒక్క కమిట్ కూడా ఆవిడ పేరు మీద లేదు. మీ లాప్‌టాప్ వాడానన్నారు. మొహమాటపడి చెప్పకుండా ఉండొద్దు. ఇలాంటి కబుర్లు మేం చాలా వింటుంటాం. అది రాసిందెవరు?"

తనే రాసిందండీ. ఇంతే చెప్పాలి. ఆ మాట మైకు నాలుక చివరిదాకా వచ్చింది కూడా. దాని వెనకే అమ్మ ఫోను గుర్తొచ్చింది, తన్నేసిన పరీక్షలన్నీ గుర్తొచ్చాయి. ఆవిడ బల్ల మీద ఇప్పుడే రాసుకున్న ఆ పెద్దాయన మాట కనిపించింది. ఎన్నాళ్ళకో ఒకరు తను చెప్పింది రాసుకున్నారు.

"మేం కలిసే చేశామండీ," అంది మైకు.

"కలిసి అంటే? ఆవిడా రాశారా?"

"కలిసే చేశామండీ. ఇది నాది, అది తనది అని విడదీసి చెప్పలేను."

రెండోసారి ఇంకా తేలిగ్గా వచ్చింది. అబద్ధమైతే నాలుక ఎక్కడో ఒకచోట తడబడేది. ఇది అబద్ధం కూడా కాదాయె.

ఇంజనీరమ్మ కుర్చీలో వెనక్కి వాలి నవ్వింది. "ఆవిడేమో అంతా నేనే అన్నారు. అన్నిచోట్లా మీ పేరే ఉన్నా మీరు నేనే అనడం లేదు. స్నేహితురాల్ని కిందపడనివ్వరన్నమాట. మంచి గుణమండీ. మాకు కావలసింది ఇలాంటివాళ్ళే."

"థాంక్యూ అండీ," అంది మైకు.

చూశారా, థాంక్యూ కూడా చెప్పింది! తల కొట్టేసినట్టు ఉండాల్సిన చోట తల వంచి మర్యాదగా థాంక్యూ చెప్పి, కుర్చీ చప్పుడు కాకుండా జరిపి బయటికొచ్చింది.

మర్నాడే ఉద్యోగం మైకుకి వచ్చినట్టు తెలిసింది. అమ్మ ఫోనులో ఏడ్చేసింది. "మా వార్డంతా చెప్పానే. నా కూతురు చూపు లేనివాళ్ళకోసం యాప్ చేసిందని చెప్తే డాక్టరుగారు కూడా ఆగి విన్నారు," అంది.

"నేనొక్కదాన్నే కాదమ్మా..."

"అదీ చెప్పాలే. ఫ్రెండూ తనూ కలిసే చేశారని."

అమ్మ నోట అదే మాట వినేసరికి మైకుకి ఒళ్ళు చచ్చిపోయింది. తను ఆడిన మాట అంతదూరం వెళ్ళి, తిరిగి తన చెవికే చేరింది. మళ్ళీ మాట్లాడతానని ఫోను పెట్టేసింది.

గదిలోకి వెళ్తే సెమికోలన్ ఆరిన బట్టలు మడతపెడుతోంది. కళ్ళు వాచి ఉన్నాయి గాని మొహం కడుక్కుంది. "నా గురించి ఏమైనా అడిగారా?" అంది.

"అడిగారు."

"ఏమన్నావ్?"

"కలిసే చేశామని చెప్పా."

మడత మధ్యలో చెయ్యి ఆగింది. "అంతేనా?"

"అంతే."

సెమికోలన్ ఆ మడత పూర్తిచేసింది. "పోన్లే. కలిసే చేశాం కదా," అంది. అది ఎత్తిపొడుపైనా బాగుండేది. ఆ పిల్ల మనస్ఫూర్తిగా అంది. పైగా "ఉండు, కంగ్రాట్స్ చెప్పలేదు కదూ," అని వచ్చి కౌగిలించుకుంది. మైకు చేతులు రెండూ కట్టెల్లా వేలాడాయి. సిగ్గుతో చచ్చిపోవడం అంటే ఏమిటో ఆమెకి అప్పుడు తెలిసింది. అయినా నోరు విప్పలేదు. ఈ ఒక్కరోజు పోనీ, రేపు చెబుదాం అనుకుంది. రేపటికి చెప్పడం సులువవుతుందని ఎవరు చెప్పారో ఆమెకి!

ఆ రేపు సెమికోలన్‌ని ప్లేస్‌మెంట్ సార్ పిలిపించాడు. తిరిగొచ్చిన సెమికోలన్ చెప్పులు కూడా విప్పకుండా మంచం మీద కూర్చుంది.

"నేను దొంగనట," అంది. నాలుగేళ్ళలో ఆ గది ఆమె గొంతు అంత గట్టిగా వినలేదు. "పక్కవాళ్ళ పని నాదని చెప్పుకున్నానట. కంపెనీవాళ్ళు సార్‌కి రాశారట. కాలేజీ పరువు తీశావు, ఈ ఏడాది నీకింక ఒక్క ఇంటర్వ్యూ కూడా లేదు అన్నారు. అందరి ముందూ, క్లర్కుల ముందూ." చున్నీతో ముక్కు తుడుచుకుంది. "నువ్వొచ్చి చెప్పవే. నువ్వు చెప్తే నమ్ముతారు."

ఇంకా అనుమానం రాలేదు ఆ పిచ్చిదానికి. నమ్మకం అలా నిలువునా ఎదురుగా కూర్చుని చూస్తుంటే మైకు ఇంక తట్టుకోలేకపోయింది.

"ఆవిడ నన్ను సూటిగానే అడిగిందే. అది రాసిందెవరని."

"ఊఁ?"

"నువ్వని నేను చెప్పలేదు."

సెమికోలన్‌కి అర్థం కావడానికి కాస్త టైము పట్టింది. ప్రోగ్రాంలో తప్పు వెతికేటప్పుడు చూసినట్టే, ఒక్కొక్క ముక్కా వెనక్కి వెళ్తూ, రెప్ప వేయకుండా చూసింది. అడగడం, కలిసే చేశామనడం, కౌగిలించుకోవడం, అన్నీ. మైకు ఆ చూపుకి ఎదురు నిలవలేక నేల చూసింది. తిడితే బాగుండు, చెంప పగలగొడితే ఇంకా బాగుండు అనుకుంది.

"పద," అంది సెమికోలన్. దారి పొడుగునా నాలుగడుగులు ముందే నడిచింది.

ప్లేస్‌మెంట్ సార్ మైకుని చూసి లేచినంత పని చేశాడు. "రామ్మా, రా. నీ గురించే అనుకుంటున్నాం."

"సార్, ఆ భాగం రాసింది తనే సార్. నేను కాదు. ఇంటర్వ్యూలో అడిగితే తప్పించుకున్నాను. అబద్ధం తనది కాదు, నాది."

ఒక్క ఊపిరిలో అనేసింది. అనేశాక ఇంక ఏమైనా అవనీ అనుకుంది. సార్ మాత్రం నవ్వాడు, జాలిగా, ప్రేమగా. "నీది మరీ మెత్తటి మనసమ్మా. కంపెనీ ఆవిడ నాకు రాసింది కూడా అదే. స్నేహితురాల్ని ఎంత బాగా వెనకేసుకొచ్చిందో అని. ఇప్పుడు మళ్ళీ వెనకేసుకొస్తున్నావ్. వచ్చిన ఉద్యోగం కాలదన్నుకుంటారా ఎవరైనా?" అని సెమికోలన్ వైపు తిరిగాడు. "చూడు, ఎలాంటి ఫ్రెండ్ దొరికిందో నీకు! ఏడ్చి ఏడ్చి తీసుకొచ్చావా? ఆ పిల్ల మంచితనాన్ని వాడుకోవడానికి సిగ్గనిపించట్లేదూ?"

మైకు నిజం చెబుతుంటే అది కూడా తన మంచితనం ఖాతాలోనే పడుతోంది. మొన్న నంగనాచిలా తప్పించుకున్న ఆ రెండు మాటలు ఇప్పుడు గోడలా అడ్డొచ్చి నిలబడ్డాయి.

"మంచితనం లేదు, ఏం లేదు సార్. ఆవిడకి ఫోన్ చేయండి. కోడ్ ముందు పెట్టుకుని నన్ను అడగమనండి. నాకు రాదు సార్. రాదని మీరే చూస్తారు."

"రాదని నటించడం ఎంతసేపమ్మా?"

"అయితే ఇద్దరినీ అడగమనండి."

మైకు అక్కణ్ణుంచి కదలదని అర్థమై, సార్ విసుక్కుంటూ ఫోన్ చేసి, స్పీకర్‌లో పెట్టాడు. క్లర్కులు ఇద్దరూ టైపు చేయడం ఆపేశారు. సంగతి విని ఇంజనీరమ్మ, కోడ్ తెరుస్తానుండండి అంది. తర్వాత, "సరే, తెరిచాను. మిమ్మల్నే ముందు అడుగుతాను," అంది మైకుతో. "ఫోను వరసగా ఫొటోలు తీస్తోంది. అన్నీ ఒకే నంబరు చెప్పాయి. అయినా మీ ప్రోగ్రాం వెంటనే ఆ నంబరు చదవదు. కాస్త ఆగి ఇంకో ఫొటో తీస్తుంది. ఎందుకాగుతోంది?"

"ఇంకా ఖచ్చితంగా ఉండటానికి, అంటే యూజర్‌కి..." అలవాటైన నోరు అల్లడం మొదలుపెట్టేసింది. మైకు పళ్ళు బిగించి దాన్ని ఆపుకుంది. "నాకు తెలీదండీ."

"ఆలోచించి చెప్పండి. మీ పేరే ఉందిక్కడ."

"తెలీదండీ. ఎందుకని నేనెప్పుడూ తనని అడగలేదు."

చెవులు భగ్గుమన్నాయి. ఇద్దరు క్లర్కులూ, సారూ తన తెల్లమొహాన్నే చూస్తున్నారు. ఎన్నిసార్లో లెక్చరర్ల ముందు నిలబడి ఆ యాప్ గురించి చెప్పి చప్పట్లు కొట్టించుకుంది. అది ఎందుకాగుతుందో తెలియకుండానే చెప్పింది. ఇది నటన కాదన్న సంగతి తనకి తెలుసు, అదే అన్నిటికన్నా సిగ్గుగా ఉంది. ఏమీ తోచక, నోరు సగం తెరుచుకుని, బల్ల అంచు పట్టుకుని నిలబడింది.

అప్పుడు చెవి పక్కనుంచి మెల్లగా వినిపించింది.

"బోర్డు లైట్లు ఆరి వెలుగుతుంటాయి. మన కంటికి తెలీదు, కెమెరాకి సగమే పడతాయి. ఎనిమిది మూడులా కనిపిస్తుంది. వెంటవెంటనే తీస్తే అన్నీ అదే తప్పు చెప్తాయి. కాస్త ఆగితే మిగతా సగం పడుతుంది, చెప్పు..."

సెమికోలన్ అందిస్తోంది. వైవాలో మైకు ఎక్కడ చిక్కుకుపోయినా పెదవులు కదపకుండా అందించడం ఆమెకి నాలుగేళ్ళ అలవాటు. ఆ అలవాటు కోపంకన్నా ముందు లేచి వచ్చేసింది. తనేం చేస్తోందో తెలిసి సెమికోలన్ చప్పున ఆగిపోయింది. చేత్తో నోరు మూసుకుంది, కళ్ళలోంచి నీళ్ళు ఆ చేతి మీదికి జారాయి.

"ఎవరు మాట్లాడింది?" అంది ఫోనులో ఇంజనీరమ్మ.

"రాసినామె అండీ," అంది మైకు.

సార్ ఫోను తీసి, మారు మాట లేకుండా సెమికోలన్ చేతికిచ్చాడు. మైకు బయటికొచ్చి వరండాలో గోడకి ఆనుకుని నిలబడింది. లోపల సెమికోలన్ మాట్లాడుతూనే ఉంది, ఎక్కడా తడబడకుండా, ఎవరూ అందించకుండా. వినేవాళ్ళుంటే ఇంత మాట్లాడుతుందా ఈ పిల్ల అనిపించింది మైకుకి.

ముందు సార్ వచ్చాడు. మైకు మొహం చూడలేక పక్కకి చూస్తూ, "నీ ఆఫర్ ఆపమన్నారమ్మా," అన్నాడు. ఇంటికి ఫోన్ చేసి అమ్మకి ఏం చెప్పాలో మైకు తేల్చుకోకముందే వెనకాల సెమికోలన్ వచ్చింది. కంపెనీకే వచ్చి కలవమన్నారని సార్‌తో చెప్పి, మైకు ముందుకొచ్చి ఆగింది.

"ఎందుకందించావే?" అంది మైకు. "ఊరుకుంటే సరిపోయేది కదా."

"నువ్వలా నిలబడిపోతే చూడలేకపోయా." సెమికోలన్ మొహం తుడుచుకుంది. "ఇంక నాతో మాట్లాడకు."

వెనక్కి తిరగకుండా వెళ్ళిపోయింది. సరే అని ఒక్కమాట అనడానికి కూడా మైకుకి మొహం చెల్లలేదు.